గట్టు మీద పెద్దమ్మ

చేపల వేలం షెడ్డు వెనక గది. వేలం ముగిసి గంటయింది. లోపల ఇద్దరే: షెడ్డులో చేపలు ఏరే పెద్దాయన, మత్స్యశాఖలో ఆఫీసరుగా ఉన్న ఆయన బావమరిది.

"సంతకం ఎక్కడికీ పారిపోదు. ముందు ఆ తడి గోనె తియ్యి."

"టైం లేదు బావా. మూడింటికి విచారణ కమిటీ కూర్చుంటుంది. ఇదిగో, ఇక్కడ, నా వేలున్న చోట పెట్టేస్తే..."

"తియ్యమన్నానా?"

"ఉతికిన చొక్కా బావా. ఇలాగే అటు వెళ్ళాలి."

"అబ్బో! చేపల ఆఫీసరుగారికి చేప వాసన గిట్టదు కాబోలు."

"వెటకారం వద్దు. తీస్తున్నా... ఏముంది, గాలిపటంలాంటి స్కేటు చేపేగా. దీనికోసం ఇంత... ఆగండాగండి."

"ఊఁ. చెప్పు మరి. పెద్దమ్మ రకమా, చిన్నమ్మ రకమా?"

"పెద్దమ్మలాగే ఉంది. ఇంత సైజు..."

"సైజు చూసి చెప్పేటట్టయితే నీకా చదువెందుకు, నాకీ కొలువెందుకు? చిన్నమ్మ కూడా ముదిరితే ఇంతుంటుంది. కన్ను చూడు. తోక తడుము."

"కన్ను నల్లగా ఉంది. పసుపు లేదు. తోక మీద ముళ్ళు... ముందుకి తిరిగున్నాయి. పెద్దమ్మే! బావా, పెద్దమ్మే! ఎప్పుడొచ్చింది?"

"పొద్దున మొదటి పడవలో. సముద్రంలో ఆ లోతు గుంట దగ్గర వలలో పడిందట. వేలానికి పెట్టకుండా గోనె కప్పి దాచాను. పద్నాలుగు నెలల తర్వాత ఇదే."

"అయితే ఇంకా ఉన్నట్టే కదా! దీన్ని కమిటీకి చూపిద్దాం. అడిగినట్టు సరిగ్గా ఇవాళే వచ్చింది చూశారా!"

"చచ్చి బల్ల మీద పడున్నదాన్ని చూపించి 'ఉంది' అంటావా?"

"అంటే, నా ఉద్దేశం..."

"నీ ఉద్దేశం నాకు తెలుసులే. ఆ బక్కెట్లోకి చూడు. చెయ్యి పెట్టకు."

"ఇవి... గుడ్డు సంచులు! దీని కడుపులోవా?"

"రెండు. కుడిపక్కొకటి, ఎడమపక్కొకటి. ఇవాళో రేపో పెట్టేసేది, ఈలోపల వలలో పడింది. కడుపు కోసి నేనే తీశాను, గోరు తగలకుండా. పోసినవి సముద్రపు నీళ్ళే. వేడెక్కకుండా బక్కెట్టు చుట్టూ ఐసు పేర్చాను."

"ఉత్త గుడ్లేనేమో బావా. గుంటలో ఇంక మగవెక్కడున్నాయి?"

"నువ్వే కదరా చెప్పావు, ఆడది ఒకసారి మగదానితో కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి లోపల దాచుకోగలదని?"

"నేను చెప్పానా?"

"మా వంటింట్లో నిలబడి చెప్పావు. మీ అక్క గరిటె పట్టుకుని నోరు తెరుచుకుని విన్నది. నాకా రోజంతా అన్నం సయించలేదు, తెలుసా?"

"అదేంటి?"

"ముప్పయ్యేళ్ళుగా వీటి కడుపులు కోస్తున్నవాణ్ణి. నాకు తెలీని సంగతి వీడికెలా తెలిసిందా అని."

"పుస్తకంలో ఉంది బావా, అంతే."

"పుస్తకంలో ఉన్నందుకే మరీ మండింది."

"సరే, వీటిని మా ల్యాబు తొట్టిలో వేయిస్తాను. బీజం పడ్డదైతే కొన్నాళ్ళకి సంచి వెనక లైటు పెట్టి చూడొచ్చు. పిల్ల తోక ఊపుతూ ఉంటుంది, సంచి కొమ్ముల్లోంచి మంచినీళ్ళు... కొత్తనీళ్ళు లోపలికి రావడానికి. దగ్గర్లో ఏదన్నా కదిలితే తోక ఆపేసి, ఊపిరి బిగబట్టేస్తుంది. కమిటీ అయ్యాక తీసుకెళ్తా. ముందు సంతకం..."

"కళ్ళజోడు తేలేదు. చదివి వినిపించు."

"జేబులో ఉందిగా మీ కళ్ళజోడు. కనబడుతోంది."

"అది దూరం చూసేది. చదువు."

"'నాలుగేళ్ళ కిందట మత్స్యశాఖ జరిపిన స్కేటు చేపల సర్వేలో, సముద్రం అడుగున గట్టు అనే మెరక నుంచీ, గుంట అనే లోతు నుంచీ తెచ్చిన అరవై చేపల్ని షెడ్డులో నేనే ఏరాను. ఏ చేప ఎక్కడ పడిందో ఆ చోటు పేరున్న చీటీని దాని తోకకి నా చేత్తో నేనే కట్టాను. అందులో ఏ పొరపాటూ జరగలేదు.' అంతే. మూడు వాక్యాలు."

"మూడోది మళ్ళీ చదువు."

"'అందులో ఏ పొరపాటూ జరగలేదు.'"

"ఎవరు రాశారిది?"

"నేనే. మీ తరఫున."

"నా తరఫున... నా తరఫున చాలానే చేశావులే ఇన్నాళ్ళూ."

"ఇప్పుడా మాటలెందుకు? బావా, వాళ్ళడిగేది ఒక్కటే. 'పెద్దమ్మ గుంటలో తప్ప ఇంకెక్కడా ఉండదని అక్కడ వల వెయ్యకుండా నిషేధం పెట్టాం. గట్టు మీద కూడా ఉందని నువ్వు రిపోర్టు రాశావు. అది చూసి నిషేధం ఎత్తేశాం. ఎత్తేసి రెండేళ్ళు తిరిగేసరికి పెద్దమ్మ జాడ లేదు. గట్టు మీదా లేదు, గుంటలోనూ లేదు. నీ రిపోర్టు తప్పా?' ఇదీ ప్రశ్న."

"నువ్వేమంటావు?"

"రిపోర్టు సరైనదే, పడవలవాళ్ళు హద్దూ పద్దూ లేకుండా పట్టేశారు అంటాను."

"పడవలవాళ్ళ మీదకి తోస్తావన్నమాట."

"పట్టింది వాళ్ళేగా?"

"తలుపు తీసి, పట్టుకోండర్రా అన్నదెవరు?"

"మీ ఫోను మోగుతోంది."

"మోగనీ."

"అక్క. మీరెత్తకపోతే నాకు చేస్తుంది."

"ఆఁ, చెప్పవే... ఇక్కడే ఉన్నాడు, నా ఎదురుగా... తిన్నాడో లేదో నేనడగలేదు. వాడేమన్నా పాలు తాగే పిల్లాడా?... సంతకమా? నీకెవరు చెప్పారు?... ఓహో, పొద్దున్నే చెప్పాడా. నాకంటే ముందు నీకు... పెట్టనని నేనన్నానా?... సరే, సరే. ఉంటా... పెట్టేసింది. నిన్ను జాగ్రత్తగా ఉండమంది. నన్నేం ఉండమనలేదు."

"అక్క సంగతి మామూలేగా."

"మామూలే. మీ అక్క లెక్కలో లోకం మొత్తానికి తెలివైనవాడు ఒక్కడే. ఆ పేపరు ముక్క ఇంకా మా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది, తెలుసా? అంచులు పసుపెక్కాయి. మంచినీళ్ళు తాగాలన్నా నీ మొహం చూసి తాగాలి నేను."

"ఏ పేపరు?"

"ఏ పేపరా! 'యువ శాస్త్రవేత్త ఘనత! ఒకే చేప అనుకున్నది రెండు రకాలు!' నువ్వు తెల్లకోటు వేసుకుని నవ్వుతుంటావు. నీ పక్కన పెద్దమ్మ వేలాడుతుంటుంది. దాని తోక పట్టుకుని ఒక చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో గుర్తుందా?"

"మీదే."

"మణికట్టు దాకా పడింది. వాచీ కూడా పడలేదు."

"ఫొటో కత్తిరించింది పేపరువాళ్ళు బావా. నేనా?"

"ఫొటో వాళ్ళు కత్తిరించారు. మాటలో? 'జన్యు పరీక్ష చేసి తేల్చాను' అన్నావు. పరీక్ష చెయ్యాలని నీకు బుద్ధి పుట్టించిందెవరు? కొత్తగా ఉద్యోగంలో చేరి ఈ గదిలో కాలుపెట్టిన రోజు, స్కేటుని చూసి 'అమ్మో, కుడుతుంది' అని మూడడుగులు వెనక్కి ఎగిరావు, గుర్తుందా?"

"ఇప్పుడవన్నీ..."

"కుట్టేది దీని చుట్టంరా, ఇది కాదు. దాని తోకలో విషపు ముల్లుంటుంది, దీనికుండేవి ఉత్త గరుకు ముళ్ళు. అది పిల్లల్ని కంటుంది, ఇది గుడ్డు పెడుతుంది. ఈ మొదటి పాఠం చెప్పిందెవరు?"

"మీరే."

"మగదాన్ని ఎలా పోల్చుకోవాలి?"

"బావా..."

"చెప్పు."

"తోక మొదట్లో రెండుపక్కలా వేళ్ళలాంటివి వేలాడతాయి. రెక్కల అంచున కొక్కేల్లాంటి ముళ్ళుంటాయి. పళ్ళు సూదుల్లా ఉంటాయి, ఆడదాన్ని పట్టుకోడానికి. ఆడదాని పళ్ళు చదునుగా ఉంటాయి. మీరే చెప్పారు. అన్నీ మీరే చెప్పారు, చాలా?"

"ఈ పళ్ళ సంగతి మీ అక్కకి చెబితే, 'మనింట్లో మాత్రం తిరగేసి ఉంది కదండీ' అని నవ్వింది."

"అక్క అంటుంది."

"లోకంలో మూడొందల రకాల స్కేట్లున్నాయని నువ్వు చెప్పావు. విన్నాను. గాలిపటాల్లాగా అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, పెద్దపెద్దవాళ్ళే పొరబడతారన్నావు. అదీ విన్నాను. కానీ ఈ రెంటినీ విడదీసింది ఈ బొటనవేలురా. ఈ షెడ్డువాళ్ళు పెద్దమ్మ, చిన్నమ్మ అని పేర్లు పెట్టుకుని పిలిచేనాటికి, మీ పుస్తకాలు రెండిటినీ ఒకే పేరుతో పిలుస్తున్నాయి."

"నేను రాసిన పుస్తకం చివర కృతజ్ఞతలు చెప్పాను కదా."

"'షెడ్డు సిబ్బందికి' అని రాశావు."

"సిబ్బంది అంటే మీరే కదా!"

"ఐసు కొట్టేవాడూ సిబ్బందే."

"అది... సరే, తప్పయింది. నాకప్పుడు తట్టలేదు."

"తట్టలేదు. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. 'మా ఇంట్లో నాకు నచ్చిన మనిషి' అని బళ్ళో రాయమన్నారు. మూడు పేజీలు రాసింది. ఎవరి గురించో చెప్పనా?"

"చిన్నపిల్ల బావా."

"అందులో నా గురించి కూడా ఓ ముక్క ఉందిలే. 'మా నాన్న మావయ్యకి సాయం చేస్తారు' అని. నవ్వకు."

"నవ్వట్లేదు."

"ఆ కాగితం చదివిన వారంలోనే నీ సర్వే మొదలయింది. అరవై చేపలు నా బల్ల మీదకొచ్చాయి. చీటీల కట్ట నా చేతిలో పెట్టి, 'బావా, మీరుంటే నాకు బెంగ లేదు' అని టీ తాగడానికి వెళ్ళావు నువ్వు."

"వద్దు బావా. ఆ సంగతి వదిలెయ్యండి."

"ఏ సంగతి?"

"అదే... పాత సంగతులు."

"నేనింకా ఏమీ చెప్పందే? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవాల్సింది నేను. నీకెందుకురా చెమటలు?"

"టైమవుతోందని."

"కూర్చో. కూర్చోమన్నానా... ఆ చీటీలు నేను మార్చాను. విన్నావా? చీటీలు మార్చాను. గుంట నుంచి వచ్చినవాటిలో పెద్దమ్మలు తొమ్మిది. వాటిలో నాలుగింటికి గట్టు చీటీలు కట్టాను. నువ్వు రాసుకొచ్చిన మూడో వాక్యం నిజమేరా. పొరపాటేం జరగలేదు. కావాలనే చేశాను."

"సరే."

"సరే ఏంట్రా?"

"సరే, విన్నాను. ఇంకెవరికన్నా చెప్పారా? అక్కకి?"

"లేదు."

"మంచిది. చెప్పకండి."

"ఎందుకు చేశావని అడగవా?"

"అడిగితే ఏమొస్తుంది?"

"నువ్వడక్కపోయినా నేను చెప్పాలి. నాలుగేళ్ళుగా గొంతులో ముల్లులా ఉంది. నేనేమనుకున్నానంటే... 'గట్టు మీద పెద్దమ్మ ఉంది' అని నువ్వు పెద్దాఫీసులో అంటావు. గట్టు మీద పెద్దమ్మ ఉండదని పడవలో గిన్నెలు కడిగేవాడికి కూడా తెలుసు. అందరూ పగలబడి నవ్వుతారు. నువ్వు మొహం మాడ్చుకుని నా దగ్గరికి పరిగెత్తుకొస్తావు, 'బావా, ఇదేంటో చూడండి' అని. అప్పుడు నేను చూస్తాను. నలుగురి ముందూ చూస్తాను. 'మీ ల్యాబులో చీటీలు తారుమారయ్యాయిరా, అప్పుడప్పుడూ అవుతుంటాయి' అని నీ వీపు తట్టి సరిచేస్తాను. అంతవరకే. నా మీద ఒట్టు, అంతవరకే అనుకున్నాను."

"నేను రాలేదు."

"నువ్వు రాలేదు. అడగలేదు. రెండు నెలలు చూశాను. గుమ్మంలో నీ బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, ఇవాళ అడుగుతాడు అనుకునేవాణ్ణి. ఒకరోజు రిపోర్టు అచ్చయి వచ్చింది. మీ అక్క స్వీట్లు పంచింది."

"అప్పుడన్నా చెప్పాల్సింది."

"ఏమని చెప్పను? అప్పటికి నవ్వులపాలైంది నేను. 'ఏం పెద్దాయనా, గట్టు మీద పెద్దమ్మ ఉంటే చెయ్యి నరుక్కుంటానన్నావు, కత్తి తెమ్మంటావా?' అని ఐసు కొట్టేవాడు కూడా ఆటపట్టించాడు. ముప్పయ్యేళ్ళు నా మాట మీద చేపలు కొన్నవాళ్ళు, 'ఆఫీసరేమంటాడో కనుక్కుందాం' అనడం మొదలుపెట్టారు. నిన్ను పడేద్దామని తీసిన గోతిలో నిలువునా నేనే పడ్డాను. నేను చెప్పింది నిజమేరా అని అరవాలంటే, నేను చేసిన వెధవపని కూడా చెప్పాలి. నోరు కుట్టేసుకున్నాను."

"అయిపోయింది కదా బావా. ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం?"

"అయిపోయిందా? గుంట తెరిచిన మొదటి వారం ఈ బల్ల మీదకి ఎన్ని పెద్దమ్మలొచ్చాయో తెలుసా? ముప్పై ఎనిమిది. నేనే ఏరాను. అన్నీ ఆడవే దాదాపు. పన్నెండేళ్ళు నిండితేగానీ మొదటి గుడ్డు పెట్టదురా అది. పెట్టినా ఏడాదికి నలభై. ఆ గుడ్డు పిల్లవ్వడానికి ఏడాదిన్నర. మా అమ్మాయంత వయసున్నవి, ఒక్కొక్కటీ. రెండో ఏడొచ్చేసరికి వారానికొకటి. ఆ తర్వాత అదీ లేదు. నీ మీద ఏడుపుతో నాలుగు చీటీలు కట్టాను, అంతే. నువ్వు బాగానే ఉన్నావు, నీకు ప్రమోషన్ వచ్చింది. పోయింది ఇది."

"మీరొక్కరే కారణమా? నిషేధం ఎత్తింది పైవాళ్ళు. పట్టింది పడవలవాళ్ళు. కొన్నది జనం."

"మొదటి ముడి వేసింది నేను. మూడింటికి నేనూ వస్తున్నాను."

"ఎక్కడికి?"

"కమిటీకి. ఇప్పుడు నీకు చెప్పిందే వాళ్ళకీ చెబుతాను."

"మతి పోయిందా మీకు? షెడ్డులోంచి పంపించేస్తారు. కేసు పెట్టినా పెడతారు."

"పంపనీ. ఏరడానికి ఏం మిగిలిందిక్కడ?"

"అక్క సంగతి ఆలోచించారా? పిల్ల చదువు?"

"మీ అక్కకి నేను చెప్పుకుంటాను. నాలుగు రోజులు మాట్లాడదు. ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడుతోందిలే."

"బావా, నా మాట వినండి. మీరు సంతకం పెట్టండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను. మీ పేరు ఎక్కడా రాకుండా నేను చూసుకుంటాను."

"అదేరా నాకు సిగ్గేస్తున్నది. ఇంత విన్నాక కూడా నన్నే కాపాడాలని చూస్తున్నావు. తిట్టనన్నా తిట్టవు. నీ స్థానంలో నేనుంటే ఈ గోనె తీసి మొహాన కొట్టేవాణ్ణి."

"మిమ్మల్ని కాపాడడానికి కాదు..."

"నాకు తెలీదా? చిన్నప్పట్నుంచీ నీది మెత్తటి మనసు. నేనే కుళ్ళుబోతుని. అద్దంలో చూసుకుంటే నా మీద నాకే రోత. నువ్వు పుస్తకం రాస్తే ఏడుపు, పేపర్లో పడితే ఏడుపు, మీ అక్క నీకో ముద్ద ఎక్కువ పెడితే ఏడుపు. వరసకి బావని, వయసుకి నీకు తండ్రిలాంటివాణ్ణి. సిగ్గుండాలి."

"బావా, చాలు."

"చాలదు. మూడింటికి అక్కడ నిలబడి ఏమంటానో విను. 'ఇందులో మా బావమరిది తప్పు ఆవగింజంత లేదు. చీటీ మీద ఉన్నది నమ్మాడు. బావ కట్టిన చీటీ తప్పవుతుందని కలలో కూడా అనుకోలేదు, పాపం. అమాయకుడు. నన్ను నమ్మడమే వాడు చేసిన పాపం' అంటాను. నీ మీద ఈగ వాలనివ్వను."

"అలా అనకండి."

"అంటాను. ఎందుకనను?"

"అమాయకుడనకండి. ఆ మాటొక్కటి అనకండి."

"మరేమనాలిరా నిన్ను?"

"కమిటీకి రాకండి. లేదా వచ్చి నన్ను నాలుగు తిట్టండి. కానీ ఆ మాట మాత్రం..."

"ఏమైందిరా? ఎందుకలా లేచావు? కూర్చో. నీళ్ళు తాగు."

"ఆ నాలుగు చేపల్నీ ల్యాబులో బల్ల మీద వెల్లకిలా తిప్పాను. కింద మొప్ప చీలికల్లో నల్లటి బురద ఉంది."

"బురదా?"

"గట్టు మీద అంతా తెల్ల ఇసక. బురద గుంటలోనే ఉంటుంది. నాకా మాత్రం తెలీదా? చీటీలు కట్టింది మీరు. మీ చెయ్యి పొరబడదు. అంటే కావాలనే కట్టారు. అరనిమిషం పట్టలేదు నాకు తెలియడానికి."

"నీకు... ఆ రోజే తెలుసా?"

"ఆ రోజే."

"తెలిసి ఎందుకు రాశావురా? నేనైతే ఓర్వలేక చేశాను. నువ్వు చదువుకున్నవాడివి. అన్నీ తెలిసి, గుంట తెరుస్తారని తెలిసి..."

"గుంట సంగతి ఆలోచించలేదు. చేప సంగతీ ఆలోచించలేదు."

"మరి?"

"ఇంట్లో బల్బు పోయినా నాన్న 'మీ బావని అడుగు' అనేవాడు. డిగ్రీ చేతికొచ్చిన రోజు కూడా 'మీ బావకి చూపించి రా' అన్నాడు. ఈ షెడ్డుకి పదిహేనేళ్ళుగా వస్తున్నాను. నేను చెప్పింది విని, తలూపి, నా ఎదురుగానే వెనక్కి తిరిగి నిన్ను అడిగేవాళ్ళు, 'పెద్దాయనా, నిజమేనా' అని. పదిహేనేళ్ళలో నువ్వు ఒక్క చేపని కూడా తప్పు చెప్పలేదు. గట్టు మీద పెద్దమ్మ ఉండదన్నది నువ్వు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నీ మాట అబద్ధమైతే చూడాలనిపించింది బావా. పంపు కింద పెట్టి ఆ బురద నేనే కడిగాను."